మచ్చ వచ్చిన తేదీ రాసిపెట్టుకోండి

లుకేమియాకి (రక్త క్యాన్సర్‌కి) మందులు వాడుతున్న వాళ్ళ ఇళ్ళ నుంచి ఈసారి ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. అన్నిటిలోనూ దాదాపు ఒకటే ప్రశ్న: ఒంటి మీద ఏదో లేచింది, ఏం పూయమంటారు? పూయడం సంగతి తర్వాత చూద్దాం. వీళ్ళ ఒంటి మీద ఎర్రదనానికి కారణం ఇన్ఫెక్షన్ కావచ్చు, మందు కావచ్చు, అసలు జబ్బే కావచ్చు. చాలాసార్లు మూడూ కంటికి ఒకేలా ఉంటాయి. ఆ రోజు న్యూట్రోఫిల్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణం) కౌంట్ ఎంత, ఏ మందు ఏ తేదీన మొదలైంది, మచ్చ ఏ తేదీన లేచింది అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంటే డాక్టరుకి సగం దారి దొరికినట్టే. ఇక్కడ మోతాదులు రాసింది మీ చేతిలోని చీటీ మీకు అర్థం కావడానికి. దుకాణానికి వెళ్ళి సొంతంగా కొనుక్కోవడానికి కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, ఏఎమ్ఎల్ (త్వరగా ముదిరే ఒక రకం లుకేమియా). రెండో విడత కీమో తర్వాత తెల్లకణాలు పెరగడానికి రోజూ ఇంజెక్షన్ ఇచ్చారు. కౌంట్ లేస్తోందని సంతోషపడేలోగా 102 జ్వరం వచ్చింది. మెడ మీద, చేతుల మీద ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా గడ్డల్లాంటివి లేచాయి. నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించినా తగ్గలేదు. ముక్క తీసి పరీక్ష చేసి ‘స్వీట్ సిండ్రోమ్’ అన్నారు, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆయనకు షుగర్ ఉంది. దానివల్లే వచ్చిందా? జ్వరంలో స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్ ముదరదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పేరులో ఉన్న స్వీటుకీ చక్కెరకీ ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో పనిచేసిన చర్మవైద్యుడు రాబర్ట్ డగ్లస్ స్వీట్ 1964లో ఎనిమిది మంది స్త్రీలలో ఈ జబ్బును గమనించి రాశారు. ఆయన ఇంటిపేరే దీనికి నిలిచిపోయింది.

జరిగేది ఇది. చీముని పుట్టించే న్యూట్రోఫిల్ కణాలు, చంపడానికి ఏ సూక్ష్మజీవీ లేకపోయినా, గుంపుగా చర్మం లోపలి పొరలోకి వచ్చి చేరతాయి. అక్కడ వాపు, మంట, నొప్పి. వాపు ఎక్కువైతే గడ్డ పైభాగం నీటిపొక్కులా మెరుస్తుంది, నొక్కితే గట్టిగానే ఉంటుంది. మెడ, ముఖం, చేతులు దీనికి ఇష్టమైన చోట్లు. సెలైన్ సూది గుచ్చిన చోట, రక్తం తీసిన చోట కూడా లేస్తుంది. అది చూసి సూది పోటు చీము పట్టిందనుకుని కోసేస్తుంటారు. కోస్తే చీము రాదు సరికదా, ఆ గాయం దగ్గర గడ్డ ఇంకా పెరుగుతుంది.

రేపేవి చాలానే ఉన్నాయి. ఏఎమ్ఎల్, ఒక్కోసారి ఏఎమ్ఎల్‌గా మారే ఎమ్‌డీఎస్ అనే మూలుగ జబ్బు వాటంతటవే రేపగలవు. మీ నాన్నగారికి ఇచ్చిన ఫిల్‌గ్రాస్టిమ్ లాంటి ఇంజెక్షన్లు, ఏపీఎల్ అనే రకం లుకేమియాకి ఇచ్చే ఆట్రా, ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్ళకిచ్చే గిల్టెరిటినిబ్ కూడా రేపుతాయి. అందుకే తేదీలు కావాలి అంటున్నాం. ఇంజెక్షన్ మొదలైన కొద్ది రోజులకే గడ్డలు లేచి, కౌంట్ కూడా అప్పుడే పైకి వస్తుంటే అనుమానం ఇంజెక్షన్ మీదికి పోతుంది. ఇంజెక్షన్ ఆపడమా, ఉంచడమా అన్నది కౌంట్ ఎంతకి చేరిందన్నదాన్ని బట్టి హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) తేలుస్తారు.

ఇక మీ రెండో భయం న్యాయమైనదే. జ్వరంలో స్టెరాయిడ్ ఊరికే ఇవ్వకూడదు. అందుకే ముందు ముక్క తీశారు. తీసే పద్ధతి తెలుసుకోండి, పొరపాట్లు అక్కడే జరుగుతాయి. తిమ్మిరి ఇంజెక్షన్ చేసి 4 మిల్లీమీటర్ల పంచ్‌తో (గుండ్రటి కత్తితో) చర్మం లోతు దాకా ముక్క తీస్తారు. రెండు ముక్కలు తీయడం మంచిది. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి వెళ్తుంది. రెండోది శుభ్రమైన సెలైన్‌లో కల్చర్‌కి (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకి) వెళ్తుంది, అందులో బాక్టీరియా, ఫంగస్, టీబీ చూస్తారు. రెండూ ఫార్మలిన్‌లో పడేశారా, ఇక కల్చర్ కుదరదు. ఫార్మలిన్ సూక్ష్మజీవులను చంపేస్తుంది కదా. తర్వాత ఎవరెంత వెతికినా ‘ఏమీ పెరగలేదు’ అనే రిపోర్టు వస్తుంది, దాన్ని నమ్మి స్టెరాయిడ్ ఇస్తే అప్పుడు మీరు భయపడిందే జరుగుతుంది. కాబట్టి ముక్క తీసే ముందే ‘కల్చర్‌కి వేరేగా పంపుతున్నారా?’ అని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ప్లేట్‌లెట్లు తక్కువని బయాప్సీ వాయిదా వేయాల్సిన పని చాలాసార్లు ఉండదు. మరీ తక్కువైతే ముందు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు, తర్వాత ఒక కుట్టు వేసి పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పడతారు.

పాథాలజీ వాళ్ళు ఇంకొకటి కూడా చూడాలి: ఆ గుంపులో ఉన్నవి ముదిరిన న్యూట్రోఫిల్సేనా, లేక చర్మంలోకి పాకిన లుకేమియా కణాలా? రెండోదైతే దాన్ని లుకేమియా క్యూటిస్ అంటారు, దానికి మందు స్టెరాయిడ్ కాదు, లుకేమియా చికిత్సే. పై నుంచి చూసి ఈ రెంటినీ వేరు చేయడం అనుభవం ఉన్నవాళ్ళకీ కష్టమే.

స్టెరాయిడ్ సాధారణంగా ప్రెడ్నిసొలోన్, రోజుకి కిలోకి అర నుంచి ఒక మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 30 నుంచి 60 మిల్లీగ్రాములు, ఉదయం టిఫిన్ తర్వాత ఒకేసారి. ఈ జబ్బే అయితే జ్వరం, నొప్పి రెండు మూడు రోజుల్లో దిగిపోతాయి, అది చూస్తే ఇంట్లో వాళ్ళకే ఆశ్చర్యంగా ఉంటుంది. గడ్డలు చప్పబడి రంగు మారడానికి వారాలు పడుతుంది. మూడు రోజులు గడిచినా జ్వరం కదలకపోతే రోగనిర్ధారణని మళ్ళీ మొదటి నుంచి చూడాలి. మోతాదు నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా దించుతారు. తగ్గిందని పదో రోజున మాత్ర ఆపేసిన వాళ్ళకి గడ్డలు తిరిగి లేవడం మామూలే.

షుగర్ వల్ల జబ్బు రాలేదు, కానీ మందు వల్ల షుగర్ పెరుగుతుంది. ఉదయం వేసిన ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కనబడుతుంది. పరగడుపున చూస్తే 110 ఉండి, మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి 300 దాటినా ఆశ్చర్యం లేదు. చాలా ఇళ్ళలో పొద్దున్నే ఒక్కసారి చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటారు. మీరు మధ్యాహ్నం భోజనం తర్వాతా, రాత్రి భోజనానికి ముందూ చూడండి. రోజుకి 20 మిల్లీగ్రాములకి తగ్గకుండా నెల రోజులకి మించి వాడాల్సివస్తే ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రిమాక్సజోల్ కూడా ఇస్తారు.

స్టెరాయిడ్ పడనివాళ్ళకి కాల్చిసిన్, డాప్సోన్ ఉన్నాయి. డాప్సోన్‌కి ముందు జీ6పీడీ రక్తపరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్ళలో ఎర్రకణాలు పగిలిపోతాయి, అసలే రక్తం తక్కువున్న మనిషికి అది పెద్ద దెబ్బ. కాల్చిసిన్‌తో చిక్కు వేరు: ఫంగస్ రాకుండా ఇచ్చే పోసకొనజోల్, వోరికొనజోల్ లాంటివి దాన్ని ఒంట్లో పేరుకుపోయేలా చేస్తాయి. వాడుతున్న మాత్రల చీటీ మొత్తం చర్మ డాక్టరుకి కూడా చూపించండి.

చివరిగా ఒక మాట. లుకేమియా అణిగిపోయిందని చెప్పిన నెలల తర్వాత, ఏ ఇంజెక్షనూ లేకుండా ఇవే గడ్డలు మళ్ళీ వస్తే చర్మానికి మందు అడిగి ఊరుకోకండి. అదే రోజు సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి. జబ్బు తిరగబెట్టే ముందు చర్మం మీద ఇది ముందుగా కనబడవచ్చు.

ప్రశ్న: నా భార్యకి ఏఎల్ఎల్ (త్వరగా ముదిరే మరో రకం లుకేమియా). చికిత్స మొదలై మూడు వారాలు. కీమోతో పాటు అల్లోప్యూరినాల్ (యూరిక్ యాసిడ్ పెరగకుండా), కోట్రిమాక్సజోల్, ఫంగస్ మాత్ర ఇచ్చారు. నిన్నటి నుంచి ఒళ్ళంతా ఎర్ర దద్దుర్లు, ముఖం ఉబ్బింది. కీమో పడలేదని అందరూ అంటున్నారు.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఇది చదివేసరికి మీరు ఆసుపత్రిలో ఉండాలి. ముఖం ఉబ్బడం మాకు నచ్చలేదు.

అందరి వేలూ కీమో వైపు పోతుంది. దోషి తరచు పక్కనున్న మామూలు మాత్ర. ఎన్నాళ్ళకి లేచిందన్నదే ఇక్కడ గీటురాయి. ఆస్పరాజినేజ్ లాంటి కీమో ఇంజెక్షన్ పడకపోతే నిమిషాల్లో, గంటల్లో దద్దుర్లు. యాంటీబయాటిక్స్‌కి వచ్చే మామూలు ఎర్ర దద్దు నాలుగు నుంచి పద్నాలుగు రోజులకి. సైటరబిన్ అనే కీమో మందుకి అరచేతులు, అరికాళ్ళు, చంకలు, గజ్జలు మండుతూ ఎర్రబడటం రెండు రోజుల నుంచి మూడు వారాల్లోపు. అది చూడ్డానికి భయంకరంగా ఉన్నా పొలుసులూడి దానంతటదే పోతుంది. చల్లని గుడ్డ, మాయిశ్చరైజర్, వదులు చెప్పులు చాలు. వేడినీళ్ళలో గిన్నెలు తోమడం మానాలి.

అల్లోప్యూరినాల్ లెక్క వేరు. రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం, ముఖం వాపు, మెడలో బిళ్ళలు, ఒళ్ళంతా దద్దు, దాంతో పాటు కాలేయం దెబ్బతినడం: దీన్ని డ్రెస్ అంటారు. ఈ మందుకి, కోట్రిమాక్సజోల్‌కి కూడా, మరొక ప్రమాదం స్టీవెన్స్ జాన్సన్. నోరు, కళ్ళు, మూత్రం పోసే చోట పుళ్ళు, చర్మం ముట్టుకుంటేనే నొప్పి, మచ్చ మధ్యలో బూడిద రంగు, తర్వాత పొర ఊడటం. హెచ్ఎల్ఏ బీ 58:01 అనే జన్యువు ఉన్నవాళ్ళలో అల్లోప్యూరినాల్‌తో ఈ ముప్పు చాలా ఎక్కువ.

ఈ పూటే చేయాల్సినవి: తర్వాతి అల్లోప్యూరినాల్ మాత్ర వేయకముందే ఫోన్ చేసి ఆపమంటారా అని అడగండి. నోట్లో గానీ కంట్లో గానీ పుండు ఉంటే ఫోన్ కలిసేదాకా కూడా ఆగొద్దు, ఆ మాత్ర వేయకుండా బయల్దేరండి. కీమో మందుల్ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆసుపత్రిలో సీబీపీ, ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు), కాలేయ, కిడ్నీ పరీక్షలు చేస్తారు. తేలిన తర్వాత ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో ఫైలు అట్ట మీదే రాయించండి. మరో ఊళ్ళో మరో డాక్టరు మళ్ళీ అదే రాస్తే రెండోసారి ప్రతిచర్య మొదటిదానికన్నా ఘోరంగా ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. ఏఎల్ఎల్ మెయింటెనెన్స్‌లో (జబ్బు అణిగాక చాలాకాలం సాగే చికిత్సలో) ఉన్నాడు, రోజూ మాత్రలు వేస్తున్నాం. మొన్న మా పెద్దాడికి ఆటలమ్మ పోసింది. అమ్మవారు ఉన్నప్పుడు మందులేంటి, వేపాకు పసుపు చాలంటున్నారు మా అత్తగారు. చిన్నాడికి ఇంకా ఏమీ లేదు. ఎదురుచూడమంటారా?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: ఎదురుచూడొద్దు తల్లీ. మామూలు పిల్లాడికి వారంలో మాడిపోయే ఆటలమ్మ, ఈ మాత్రలు వేసుకుంటున్న పిల్లాడిలో ఊపిరితిత్తులకి, కాలేయానికి పాకుతుంది. ఒకే ఇంట్లో ఉన్నారంటే చిన్నాడికి సోకిందనే అనుకోవాలి. పెద్దాడికి పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వైరస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఒకటుంది. 96 గంటల్లోపు ఇస్తే మంచిది, పది రోజుల దాకా పనికొస్తుంది. ప్రతి పది కిలోల బరువుకి 125 యూనిట్లు. అది దొరక్కపోతే మామూలు ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్) కిలోకి 400 మిల్లీగ్రాములు, లేదా సోకిన ఏడో రోజు నుంచి ఎసైక్లోవిర్ మాత్రలు ఏడు రోజులు. ఏది కుదురుతుందో ఈ రోజే మీ కీమో వార్డుకి ఫోన్ చేసి అడగండి. వాడు వేసుకుంటున్న కీమో మాత్రలు 6ఎంపీ, మెథోట్రెక్సేట్ కొనసాగించాలో ఆపాలో కూడా వాళ్ళే చెప్తారు.

తర్వాత పొక్కు ఒక్కటి కనబడినా చాలు, అది దోమకాటో కాదో చూద్దామని రాత్రంతా ఉంచకండి. ఎసైక్లోవిర్ నరంలోకి ఎక్కించాలి, కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ప్రతి 8 గంటలకి, గంట పాటు మెల్లగా, వెంట సెలైన్ బాగా పోతుండాలి. లేకపోతే మందు కిడ్నీలో పలుకుల్లా గడ్డకడుతుంది. ఒక్కోసారి పొక్కులు రాకముందే కడుపునొప్పి, నడుమునొప్పి విపరీతంగా వస్తాయి. ఆటలమ్మ ఉన్న ఇంట్లో లుకేమియా పిల్లాడు కడుపు పట్టుకుని ఏడిస్తే, ఒంటి మీద ఏమీ లేకపోయినా పరుగెత్తాల్సిందే. జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. చిన్నాడిని 21 రోజులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తే 28 రోజులు, మిగతా కీమో పిల్లలకి దూరంగా ఉంచాలి. అందుకే వార్డులోకి నేరుగా తీసుకెళ్ళకుండా ముందు ఫోన్ చేయమంటున్నాం.

అత్తగారితో గొడవ అక్కర్లేదు. వేపమండ గుమ్మానికి కట్టుకోండి, మంచం పక్కన పెట్టుకోండి. చల్లని అన్నం, మజ్జిగ నైవేద్యం పెట్టుకోండి. చిన్నాడికి పచ్చి వేపాకు నూరి పూయడం మాత్రం వద్దు, ఆ ముద్దలో ఫంగస్, బాక్టీరియా ఉంటాయి. అక్కి లేచినవాళ్ళకి జాజుతో రాయించే అలవాటుకీ ఇదే మాట. అక్కి ఈ వైరస్ పనే, లుకేమియా వాళ్ళకి అక్కి వస్తే మూడు రోజుల్లోపు మందు పడాలి.

ప్రశ్న: సీఎమ్ఎల్‌కి (నెమ్మదిగా సాగే ఒక రకం లుకేమియాకి) ఇమాటినిబ్ 400 వాడుతున్నాను. ఆర్నెల్లకి ముఖం తెల్లబడింది, పొద్దున్నే కళ్ళు ఉబ్బుతున్నాయి. ఊళ్ళో బొల్లి అంటున్నారు. నాది చవక జెనరిక్ మాత్ర కాబట్టే ఇలా అయిందని ఒకాయన చెప్పారు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: బొల్లీ కాదు, కుష్ఠూ కాదు. ఇమాటినిబ్ లుకేమియాని నడిపే ప్రోటీన్‌తో పాటు సీ-కిట్ అనే మరో ప్రోటీన్‌ని కూడా అడ్డుకుంటుంది. చర్మానికి రంగు వేసే కణాలకి పని చేయడానికి ఆ సీ-కిట్టే కావాలి. అందుకే నల్లగా, చామనఛాయగా ఉన్న మనవాళ్ళలో ఈ తేడా బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎంత ఖరీదైన బ్రాండైనా మందు అదే, రంగు మార్పు కూడా అదే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మందు మీద పేటెంట్‌ని తోసిపుచ్చిన తర్వాత జెనరిక్ దారి ఇంకా గట్టిపడింది. దాన్ని అనుమానించి మాత్ర మానేస్తే నష్టం మీకే. మందు మోతాదు తగ్గించినా, మార్చినా రంగు చాలామందికి తిరిగి వస్తుంది. అయితే రంగు కోసం మోతాదు తగ్గించమని మేం చెప్పం.

చేయగలిగినవి చేయండి. రంగు తగ్గిన చర్మం ఎండకి త్వరగా కందుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడుగున పిండి, బయట ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి రాయండి. బొల్లికి ఇచ్చే సొరాలెన్ పూసి ఎండలో నిలబడటం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి, బొబ్బలెక్కుతాయి. కళ్ళ వాపుకి రాత్రి రెండు దిండ్లు, ఊరగాయ, అప్పడం తగ్గించడం. వారంలో రెండు కిలోలకి మించి బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా అది కంటి వాపు సంగతి కాదు, డాక్టరుకి చూపించాలి. మాత్రని భోజనం మధ్యలో పెద్ద గ్లాసు నీళ్ళతో మింగండి. గ్రేప్‌ఫ్రూట్ వద్దని మందు కాగితంలో ఉంటుంది. మనకి అది దొరకదు గానీ దాని బంధువు పంపర పనస దొరుకుతుంది, అది కూడా వద్దు.

రంగు సంగతి అద్దం చెప్తుంది, జబ్బు సంగతి మాత్రం బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ అనే రక్తపరీక్ష చెప్తుంది. దాన్ని మూడు నెలలకోసారి చేయించడం మానకండి.

ప్రశ్న: నాకు 71. సీఎల్ఎల్ (పెద్ద వయసులో వచ్చే, నెమ్మదిగా సాగే లుకేమియా) ఉంది, ఇంకా మందులు మొదలుపెట్టలేదు. దోమలు లేకపోయినా కాళ్ళ మీద, చేతుల మీద కుట్టినట్టు పెద్ద దద్దులు, పొక్కులు. పరుపు మార్చాం, నల్లుల మందు కొట్టించాం. తగ్గలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: పరుపు తప్పేమీ లేదు. సీఎల్ఎల్‌లో రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి, చిన్న పురుగు కాటుకి కూడా, ఒక్కోసారి ఏ కాటూ లేకుండానే, ఈసినోఫిల్ కణాలతో నిండిన పెద్ద దద్దులు లేస్తాయి. బలమైన స్టెరాయిడ్ క్రీము రోజుకి రెండుసార్లు, రెండు వారాల లోపు, దురద మాత్ర. ఇవి చాలకపోతే సీఎల్ఎల్‌కే చికిత్స మొదలుపెట్టాలా అన్నది హెమటాలజిస్టు చూస్తారు.

అయితే ముందు గజ్జి కాదని తేల్చుకోండి. మీ వయసులో, ఈ జబ్బులో గజ్జి దురద లేకుండా మందపాటి పొలుసుగా కూడా పడుతుంది, అది వేల పురుగులతో ఉండి ఇంటిల్లిపాదికీ అంటుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ చూపించండి. గజ్జి అయితే 5 శాతం పెర్మెత్రిన్ రాత్రి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత ఇంకోసారి రాయాలి. మామూలుగా మెడ కింద నుంచి రాస్తారు, మీలాంటివారు తల, చెవుల వెనక, గోళ్ళ కింద కూడా రాయాలి. ఇంట్లో అందరూ అదే రోజు రాసుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: తమ్ముడి మూలకణాలు ఎక్కించి 30 రోజులైంది. అరచేతులు, చెవులు ఎర్రగా మండుతున్నాయి. ఇక్కడి డాక్టర్లు జీవీహెచ్‌డీ అంటూ ‘ఎంత శాతం’ అని లెక్కపెడుతున్నారు. ఏమిటా లెక్క?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: దాత కణాలు మీ చర్మాన్ని పరాయిదిగా చూసి దాడి చేయడమే జీవీహెచ్‌డీ. అరచేతులు, అరికాళ్ళు, చెవులు, పై వీపు దాని మొదటి చోట్లు. లెక్క కోసం వేళ్ళతో సహా మీ అరచెయ్యి ఒక శాతం అనుకోండి. ఎర్రబడ్డ చోటు 25 శాతం లోపైతే మొదటి దశ, 50 వరకు రెండోది, అంతకు మించితే మూడోది. ఒళ్ళంతా ఎర్రబడి బొబ్బలు లేస్తే నాలుగోది. 50 శాతం లోపు ఉండి, పేగులూ కాలేయమూ బాగుంటే చాలాసార్లు స్టెరాయిడ్ క్రీముతో సరిపెడతారు. దాటితే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకి 2 మిల్లీగ్రాముల దాకా. దానికీ లొంగకపోతే రుక్సోలిటినిబ్. అమెరికాలో దీనికి 2019లో అనుమతి వచ్చింది.

మీ పని రెండింటిని గమనించడం: ఎన్నిసార్లు, ఎంత విరేచనం అవుతోంది, కళ్ళు పచ్చబడ్డాయా. విరేచనాన్ని నిజంగానే కొలపాత్రతో కొలవండి, పేగు దశని రోజుకి ఎన్ని మిల్లీలీటర్లన్న దాన్ని బట్టే నిర్ణయిస్తారు. దాత కణాల దాడిని అణిచే సైక్లోస్పోరిన్ గానీ టాక్రోలిమస్ గానీ వాడుతుంటే, రక్తంలో స్థాయి చూసే రోజు ఉదయం మాత్ర రక్తం ఇచ్చిన తర్వాతే వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె ఎక్కువ వస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, జీవీహెచ్‌డీ పుంజుకుంటుంది. ఎండ కూడా దీన్ని రేపుతుంది. ఫంగస్‌కి వోరికొనజోల్ వాడుతుంటే మరీనూ.

చిన్న ప్రశ్నలు

కాళ్ళ మీద ఆవగింజల్లా ఎర్రచుక్కలు. అలర్జీయా? గాజు గ్లాసు అడుగుతో నొక్కి చూడండి. నొక్కినప్పుడు మాయమైతే దద్దు. మాయం కాకపోతే చర్మంలోకి చిమ్మిన రక్తం. దురద కూడా ఉండదు. అదే రోజు ప్లేట్‌లెట్లు చూపించాలి. నోట్లో రక్తపు పొక్కులు, తలనొప్పి తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే.

కౌంట్ తక్కువగా ఉంది. తొడ మీద ఒక ఎర్రమచ్చ, మధ్యలో నల్లబడింది, జ్వరం 100.6. పారాసిటమాల్ వేసి రేపు వెళ్ళొచ్చా? రేపటిదాకా ఆగకూడదు, ఇప్పుడే వెళ్ళాలి. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువున్నప్పుడు 100.4 గంటసేపు నిలిచినా, 101 ఒక్కసారి కనబడినా అది ఎమర్జెన్సీ. నల్లటి నడిమిభాగం రక్తంలోకి ఎక్కిన సూడోమోనాస్ అనే బాక్టీరియా కావచ్చు, లేదా ఫంగస్. వెళ్ళిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. పారాసిటమాల్ జ్వరాన్ని దాచేస్తుంది, అంతే.

ఒళ్ళు పొడిబారి దురద. ఏ సబ్బు, ఏ నూనె? గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని మెత్తని సబ్బు, పది నిమిషాలకి మించని స్నానం. సున్నిపిండి రుద్దుడు ఆపండి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు ఆ గరుకు చర్మం కిందే రక్తం చిమ్ముతుంది. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. పెద్దవాళ్ళకి ఒళ్ళంతటికీ వారానికి పావుకిలో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది, చిన్న ట్యూబుతో సరిపెడితే దురద తగ్గదు. పగుళ్ళు లేని చోట సీలున్న కొబ్బరినూనె పర్వాలేదు. మందుల దుకాణంలో ‘తామరకి, దురదకి, అన్నిటికీ ఒకటే’ అని ఇచ్చే నాలుగు మందుల కలగూర క్రీము మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. అందులో క్లోబెటసాల్ అనే అతి బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. ఫంగస్‌ని ముసుగేసి పెంచుతుంది, తర్వాత బయాప్సీలో కూడా బొమ్మ స్పష్టంగా రాదు.

ఆషాఢం వస్తోంది. అమ్మాయి కీమోలో ఉంది, గోరింటాకు పెట్టుకోవచ్చా? న్యూట్రోఫిల్స్ 1000 దాటి, చేతుల మీద పగుళ్ళు, సూది గాయాలు లేకపోతే పెట్టుకోవచ్చు. ఆకుని బాగా కడిగి, అప్పుడే నూరి, ఆ రోజే వాడండి, ఫ్రిజ్‌లో నిలవ ఉంచిన ముద్ద వద్దు. జీ6పీడీ లోపం ఉంటే అసలు వద్దు. ఐదు నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి పోకండి, వాటిలో కలిపే జుట్టురంగు రసాయనం బొబ్బలెక్కిస్తుంది. రెండు వేళ్ళ గోళ్ళు మాత్రం వదిలేయమనండి. ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టడానికి రంగు లేని గోరు కావాలి.